పొడి తోలు

మా మిల్లులో ఒక నియమం ఉండేది. తోలుకు చమురు తగలకూడదు.

పత్తి నుంచి గింజను వేరుచేసే మిషనులో ఒక పొడుగాటి ఇరుసు ఉంటుంది. దానికి గేదె తోలు బిళ్ళలు వందలకొద్దీ గుచ్చి, ప్రెస్సులో బిగించి రోలరు తయారుచేసేవాళ్ళం. ఆ తోలు పొడిగా, గరుకుగా ఉంటేనే దూదిని పట్టి లాగుతుంది. నూనె చుక్క పడిందంటే పట్టు జారిపోతుంది, పైగా దూదికి మరక. మరక పడిన దూది బేలును కొన్నవాడు వెనక్కి పంపేస్తాడు. ఆ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేశాను. నూనె చేత్తో రోలరు ముట్టుకున్నాడని నాకంటే రెండేళ్ళు పెద్దవాణ్ణి ఒకసారి అందరి ముందూ చెంప మీద కొట్టాను. అప్పుడు తప్పనిపించలేదు. తోలు గురించి గుంటూరు మొత్తంలో నాకు తెలిసినంత ఇంకెవడికీ తెలియదని నా నమ్మకం. నా పేరు అంకమ్మరావు. నా ఈ నమ్మకం ఏం చేసిందో చెప్పడానికే కూర్చున్నాను.

ఈ ఏడాది ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున నసీమున్నీసా మా ఇంటికి వచ్చింది. మిర్చి యార్డుకు మిరపకాయల లారీలు వరస కట్టే రోజులు. ఏటుకూరు రోడ్డు మీద ఇల్లున్నవాడికి ఆ రెండు నెలలూ తుమ్ములే తుమ్ములు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఒక చేత్తో గుడ్డసంచి పట్టుకుని గేటు తీసింది. ఆ సంచిని చూడగానే గుర్తుపట్టాను. పందొమ్మిదేళ్ళుగా అది వాళ్ళింట్లో బీరువా మీద ఉంటోంది. ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా బీరువాకు వీపు తిప్పి కూర్చునేవాణ్ణి.

నసీమున్నీసా జాన్ బాషా భార్య. బాషా మా మిల్లులోనే పత్తి గ్రేడు చూసేవాడు. చిటికెడు దూది తీసి రెండు బొటనవేళ్ళ మధ్య లాగి, పోగు పొడవు ఇంత అని చెప్పేవాడు. స్కేలు పెట్టి కొలిస్తే అంతే ఉండేది. నాకంటే ఆరేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. వాడు పోయాక ఆమె కూడా అన్నా అనే పిలుస్తూ వచ్చింది. పెద్దమ్మాయి కాలేజీ సీటుకు నేనే తిరిగాను. చిన్నమ్మాయి పెళ్ళి మాటల్లో పెద్దమనిషిగా నేనే కూర్చున్నాను. రంజాన్ నాడు షీర్ ఖుర్మా మొదటి గిన్నె మా ఇంటికే వచ్చేది. మా ఆవిడ పోయినప్పుడు పదకొండు రోజులూ ఆ ఇంటి నుంచే నాకు క్యారేజీ వచ్చింది.

"హజ్‌కి నా పేరొచ్చిందన్నా," అంది కుర్చీలో కూర్చుంటూ. "మే నెలలో ప్రయాణం. పెద్దమ్మాయీ అల్లుడూ కూడా వస్తున్నారు."

"మంచిమాట చెప్పావమ్మా," అన్నాను.

"వెళ్ళేముందు మాలో ఒక పద్ధతుంది. ఎవరి మీద కోపమున్నా మాఫ్ చేసేసి వెళ్ళాలి. ఎవరికి అన్యాయం చేసినా మాఫీ అడిగి వెళ్ళాలి. మనసులో ఏదీ పెట్టుకుని అక్కడికి పోకూడదు. ముందు మీ దగ్గరికే వచ్చాను. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా మాట తూలి ఉంటే, మీ మనసు నొప్పించి ఉంటే మాఫ్ చెయ్యండన్నా."

చేతులు జోడించింది. ఊరికే తల ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అప్పుడు సంచిలోంచి బాషా చేపలు పట్టే గాలం రీలు తీసి బల్ల మీద పెట్టింది. "దీన్ని పడవ ఆదాంకి ఇచ్చేద్దామనుకుంటున్నా. ఇచ్చి, నిన్ను మాఫ్ చేశానని నా నోటితో చెప్తా. ఇన్నేళ్ళూ అతని పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది. ఇంక వద్దన్నా. అతనూ ముసలాడైపోయాడంట."

రీలుతోపాటు ఒక చిన్న కవరు, ఒక బుల్లి డబ్బా కూడా తీసింది. కవరులో ఏడు నల్లటి బిళ్ళలున్నాయి. "అమ్మాయి నెట్లో చూసి తెప్పించింది. పాత రీళ్ళలో తోలు తీసేసి ఈ కార్బన్ బిళ్ళలు వేస్తే బ్రేకు కొత్తదానికంటే బాగుంటుందంట. ఇచ్చేదేదో పనికొచ్చేలా ఇవ్వాలి కదా. మీరైతేనే చెయ్యగలరు. ముందు కూడా మీరే కదన్నా చేసింది."

అవును, ముందు కూడా నేనే చేశాను.

ఆ రీలు బాషా వాళ్ళ నాన్నది. ఆయన ఒక ఇంగ్లీషు దొర దగ్గర డ్రైవరు. దేశం వదిలి వెళ్ళేటప్పుడు దొర తన గాలం కర్రనూ ఈ రీలునూ ఆయనకిచ్చి పోయాడు. రెండు పక్కలా పలకలు, మధ్యలో దారం చుట్టే పెద్ద కండె, ఇంత బరువు. బాషా దాన్ని పట్టుకుని ఆదివారాలు చీరాల దగ్గర ఓడరేవు వెళ్ళి, ఆదాం పడవెక్కి సముద్రంలో వేటకు పోయేవాడు. నాకు పడవెక్కితే వాంతులు. ఒడ్డున కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి.

రీలుకు డ్రాగ్ అని ఒక బ్రేకు ఉంటుంది. ఇనుప బిళ్ళ, తోలు బిళ్ళ, మళ్ళీ ఇనుప బిళ్ళ, అలా ఒకదాని మీద ఒకటి. హ్యాండిల్ పక్కనున్న నక్షత్రం లాంటి చక్రం తిప్పితే అవి ఒత్తుకుని బ్రేకు బిగుస్తుంది. పెద్ద చేప పడి పరుగు పెడితే ఆ బ్రేకు జారుతూ దారం వదలాలి. వదలకపోతే దారమైనా తెగాలి, కర్ర పట్టుకున్న మనిషైనా కదలాలి. దొర నాటి తోలు అరిగిపోతే, రోలరు కోసం తెచ్చిన మంచి గేదె తోలులోంచి నేను కొత్త బిళ్ళలు కోసి వేశాను.

ఆ రోజు బాషా పక్కనే ఉన్నాడు. "అన్నా, దొరగారు వీటికి ఏడాదికోసారి నూనె పెట్టేవాడంట. పశువుల గిట్టల్లోంచి తీసిన నూనె. మా నాన్న చెప్పేవాడు. కాస్త ఏదైనా పూయకూడదా?" అన్నాడు.

"గిట్టల నూనెంట్రా నీ మొహం! తోలుకి నూనె పెడితే జారదూ? జారిపోయే బ్రేకు ఎవడిక్కావాలి? తోలు గురించి నాకు నేర్పుతావా నువ్వు?" అన్నాను. మిల్లులో పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. బాషా కూడా నవ్వాడు.

పందొమ్మిదేళ్ళ కిందట, డిసెంబరులో ఒక ఆదివారం, పదకొండు గంటలప్పుడు ఆదాం పడవ ఒడ్డుకు వచ్చింది. బాషా పడవలో పడుకుని ఉన్నాడనుకున్నాను. దగ్గరికి వెళితే తల పక్కన దెబ్బ, ఒళ్ళంతా నీళ్ళు, ప్రాణం లేదు. పెద్ద చేప లాగితే కర్ర చేజారకుండా నడుముకు కట్టుకున్న పటకా కొక్కేలు ఇంకా రీలుకు తగిలించే ఉన్నాయి. ఆదాం తడి బట్టలతో నిలబడి ఉన్నాడు. "చాపంత వెడల్పు టేకు చేప పడిందయ్యా. మొదట కాస్త దారం వదిలింది, తర్వాత రీలు పట్టేసింది. తిరగలేదయ్యా. కొక్కేలు తీసుకునే టైం లేదు. పడవ అంచుకి తల కొట్టుకుని నీళ్ళలో పడ్డాడు. దూకాను, కిందికి పోయాడయ్యా, మొదట దొరకలేదు, దారం తెగి పైకి తేలాక లాక్కొచ్చాను..." అంటున్నాడు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. రీలు పట్టేసింది అన్న మాట చెవిన పడగానే అర్థమైంది. అర్థమైంది కాబట్టే అరిచాను. "నేను చేసిన బ్రేకు పట్టెయ్యడమేంట్రా? నువ్వు ఇంజను కొట్టావు కదూ? చేప లాగుతుంటే ఇంజను కొట్టి పడవ కుదిపావు కదూ?"

అడిగానే తప్ప కొట్టాడని నేను చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కానీ చుట్టూ జనం ఉన్నారు. సాయంత్రానికి ఆ ప్రశ్న జవాబైపోయింది. రాత్రికి బాషా తమ్ముళ్ళు వచ్చి ఆదాంని కొట్టారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయారు, ఊరు మాత్రం వేరేగా రాసుకుంది. ఇంజను కొట్టి మనిషిని చంపినవాడి పడవ ఇంకెవరూ ఎక్కలేదు. రెండేళ్ళకు పడవ అమ్మేసి, వేరేవాళ్ళ వలలు బాగుచేసుకుని బతుకుతున్నాడని విన్నాను. తప్పు ఆదాందే అని నసీమున్నీసాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేకపోయింది. నేను చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు.

ఆమె వెళ్ళిపోయాక రీలును రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం స్క్రూడ్రైవరు తీశాను.

పైకి ఆమె దాన్ని ఎంతో శుభ్రంగా ఉంచింది. ఏటా తుడిచి కొబ్బరినూనె రాసేదట. లోపలికి మాత్రం ఎవరి చెయ్యీ పోలేదు. హ్యాండిల్ విప్పాను, నక్షత్రం చక్రం తీశాను, పక్క పలక స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీశాను. పెద్ద పళ్ళచక్రం బయటికి వచ్చింది. దాని కడుపులోనే బ్రేకు బిళ్ళలుంటాయి. తలకిందులు చేసి తట్టాను. ఏదీ రాలలేదు. చాకు మొన పెట్టి ఒక్కోటీ పెకలించాల్సి వచ్చింది. తోలు బిళ్ళలు నల్లగా మాడి, గాజు పెంకుల్లా నున్నగా మెరుస్తున్నాయి. మూడింటి మీద ఇనుప బిళ్ళ అచ్చు పడి ఉంది. వేడికి కాలి, బిగిసి, ఇనుమును పట్టేసుకున్నాయి. నేను తోలు బిళ్ళలు కోసే డైకి, అంటే ఇనప అచ్చుకి, ఒక చోట చిన్న సొట్ట ఉండేది. దానితో కోసిన ప్రతి బిళ్ళ అంచు మీదా ఒక గాటు పడేది. ఏడింటికీ ఆ గాటు ఉంది.

అప్పుడు నాకొక ఆశ పుట్టింది. ఆశ అనడానికి కూడా సిగ్గుగా ఉంది. బాషా నా మాట వినకుండా, నాకు తెలియకుండా ఇంటి దగ్గర నూనె పూసి ఉంటే? అప్పుడు ఇది నా పొడి తోలు చేసిన పని కాదు. ఉప్పునీళ్ళో, తుప్పో, అతిగా బిగించడమో, ఏదో ఇంకొకటి. మిల్లులో తోలుకు నూనె తగిలిందేమోనని అనుమానం వస్తే ఒక పరీక్ష చేసేవాళ్ళం. తోలును పాత పేపరు మీద పెట్టి ఎండలో ఉంచితే, నూనె ఉన్నదైతే పేపరు మీద గుండ్రంగా మరక దిగుతుంది. పైపైన మాడినా తోలు కడుపులో నూనె ఎంతో కొంత మిగిలే ఉంటుంది. ఏప్రిల్ ఎండ, చెప్పాలా? ఏడు బిళ్ళలనూ పేపరు మీద పరిచి, డాబా మెట్టు మీద పెట్టి, పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాను. రెండు గంటలు కూర్చున్నాను. ఒక్కోటే ఎత్తి చూశాను.

పేపరు శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క మరక లేదు. బాషా నా మాట విన్నాడు.

అక్కడే మెట్టు మీద ఏడ్చాను. వాడు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. వాళ్ళ నాన్న చెప్పింది కాదని, దొర చేసింది కాదని, నలుగురిలో వాణ్ణి ఎగతాళి చేసిన నా మాట నమ్మి ఆ రీలు నడుముకు తగిలించుకున్నాడు.

మర్నాడు పని పూర్తిచేశాను. ఇనుప బిళ్ళలను గాజు పలక మీద సన్నటి ఉప్పుకాగితం పరిచి చదునయ్యే దాకా రుద్దాను. కార్బన్ బిళ్ళల కవరులో ఒక కాగితం ఉంది. బిళ్ళ మీద గ్రీజు పల్చగా పూసి, ఎక్కువైంది తుడిచెయ్యమని తయారుచేసినవాడు బొమ్మ వేసి మరీ చూపించాడు. ఆ బుల్లి డబ్బా అందుకే. వేలి కొసతో పూశాను. నూనె చేత్తో రోలరు ముట్టుకున్నవాణ్ణి కొట్టిన చెయ్యే అది. వరస తప్పకుండా పేర్చి, పలక బిగించి, కొత్త దారం చుట్టి, దారం కొసకు మిరపకాయల బస్తా తూచే స్ప్రింగు కాటా తగిలించి లాగాను. ముల్లు ఆరు కిలోల దగ్గర ఆగింది. దారం జారడం మొదలైంది. ముల్లు ఇటూ అటూ కొట్టుకోకుండా అక్కడే నిలబడింది. ఇంత మెత్తటి బ్రేకు నా జన్మలో చూడలేదు.

తోలు బిళ్ళలను పొయ్యిలో వెయ్యాలనుకున్నాను. అగ్గిపుల్ల కూడా గీశాను. అవి కాలిపోతే ఇక ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె ఆదాంని మాఫ్ చేస్తుంది, ఆదాంకి రీలు వస్తుంది, నాకు చెల్లెలు మిగులుతుంది. అందరికీ బాగానే ఉంటుందని గట్టిగానే వాదించుకున్నాను. పుల్ల వేలి దాకా కాలి ఆరిపోయింది. బిళ్ళలను ఆ పేపర్లోనే చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చెప్పాలని కాదు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం చీరాల బస్సెక్కాం. ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లలో రీలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొన్నూరు దాటేసరికి వెనక్కి తిరిగి, "అన్నా, ఇడ్లీ తెచ్చాను, తింటారా?" అంది. బాపట్లలో తింటానన్నాను. బాపట్లలో తినలేదు. చీరాల నుంచి ఓడరేవుకు ఆటో మాట్లాడాను.

వేట నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ ఇసుక మీదికి లాగి వరసగా పెట్టారు. తాటాకు పాక కింద ఆదాం కాళ్ళు చాపుకుని వల కుడుతున్నాడు. జుట్టు మొత్తం నెరిసింది. మమ్మల్ని చూసి లేవబోయి, లేవాలో వద్దో తెలియనట్టు సగంలో ఆగిపోయాడు.

నసీమున్నీసా ఎదురుగా నిలబడింది. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుని వచ్చినట్టుంది. "ఆదాం, నేను హజ్‌కి పోతున్నా. నీ మీద నాకు చాలా కోపం ఉండేది. నీకు తెలుసు. ఇవాల్టితో అది తీసేశాను. ఆయన విషయంలో నిన్ను మాఫ్ చేశాను. ఇది ఆయన రీలు. అన్న బాగుచేసి ఇచ్చాడు. నువ్వుంచుకో."

ఆదాం రెండు చేతులూ పంచెకు తుడుచుకుని రీలు అందుకున్నాడు. "దండాలమ్మా," అన్నాడు. కాదనలేదు, నేను తప్పు చెయ్యలేదని కూడా అనలేదు. రీలును తిప్పి చూశాడు. నక్షత్రం చక్రం కాస్త బిగించి, దారం కొస చేతికి చుట్టుకుని లాగాడు. సర్రున వచ్చింది. ఇంకా బిగించి లాగాడు. అప్పుడూ ఆగకుండా, కుదుపు లేకుండా వచ్చింది. తలెత్తి నా వైపు చూశాడు.

"బిళ్ళలు మార్చారా అయ్యా?"

"మార్చాను."

"గ్రీజు పెట్టారా?"

"పెట్టాను."

ఇంకేమీ అడగలేదు. తల దించుకుని దారం వెనక్కి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే అడగగలడు. ఆమె ముందు, ఆ రోజు నేను చెప్పింది ఇదేగా అయ్యా అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నన్ను వదిలేశాడు. ఇంజను నువ్వు కొట్టావు కదూ అని పదిమందిలో అరిచినవాణ్ణి, ఇలా చేతికి చిక్కినా వదిలేశాడు. ఆ వదిలెయ్యడాన్ని నేను తట్టుకోలేకపోయాను.

"నసీమా," అన్నాను. ఆమెను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "ఇతను ఇంజను కొట్టలేదమ్మా."

జేబులోంచి పొట్లం తీసి పాకలో ఉన్న పీట మీద విప్పాను. మాడిన తోలు బిళ్ళలు ఒక్కోటీ పెట్టి చూపించాను. ఇది నేను కోసింది, ఈ గాటు నా డైది, వీటికి నూనె పెట్టాలని బాషా అడిగాడు, నేను వద్దన్నాను, వాడు విన్నాడు, ఇవి కాలి పట్టేసుకున్నాయి, రీలు దారం వదల్లేదు, ఆ రోజు ఆదాం నాతో ఇదే చెప్పాడు, నేను నోరు మూయించాను. వరస తప్పకుండా చెప్పాను. మిషను విప్పినట్టే చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు రాలేదు.

ఆమె ఆ బిళ్ళల్ని ఒక్కోటీ చూసింది. తర్వాత ఆదాం చేతిలోని రీలు దగ్గరికి వచ్చి, దారం కొస తన వేలికి చుట్టుకుంది.

"లాగితే ఇంత మెత్తగా వస్తుందా?" అంది.

"వస్తుందమ్మా," అన్నాను.

లాగింది. పాకలోంచి బయటికి, ఇసుకలోకి నాలుగడుగులు వేసింది. దారం ఆమె వెనకే మెల్లగా వచ్చింది.

"ఆ రోజు ఇలా వచ్చి ఉంటే?"

నేను జవాబు చెప్పాలి. ఆదాం నా ముఖం వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తున్నాడు.

"చేప పోయేది," అన్నాను. "అంతే."

ఆమె వేలికి ఉన్న దారం విప్పింది. ఆదాం దగ్గరికి వచ్చి, అతను వద్దు వద్దంటున్నా ఆ ఇసుకలోనే కూర్చుంది. "ఆదాం, నేను నీకు మాఫీ ఇవ్వడానికి వచ్చాను. ఇయ్యడానికి నేనెవరిని? పందొమ్మిదేళ్ళు నిన్ను తిట్టుకున్నా. నీ పిల్లల్ని కూడా తిట్టుకున్నా. నువ్వే నన్ను మాఫ్ చెయ్యి," అని చేతులు జోడించింది.

ఆదాం గబగబా ఆమె చేతులు విడదీయబోయి, ముట్టుకోవచ్చో లేదోనని ఆగిపోయాడు. "అమ్మా, మీరు ఎండలో కూర్చోకండమ్మా. లోపలికి రండి," అన్నాడు. "చేశానమ్మా. ఎప్పుడో చేశాను. నీళ్ళలో ఆయన చొక్కా నా చేతికి దొరికి జారిపోయిందమ్మా. నాకు ఎప్పుడూ అదే గుర్తొస్తది. మీరు తిట్టింది కాదు." ఇద్దరూ ఏడుస్తుంటే నేను పాక గుంజ పట్టుకుని నిలబడ్డాను.

వచ్చేముందు ఆమె తోలు బిళ్ళలను పేపర్లో చుట్టి, రీలు ఖాళీ చేసిన గుడ్డసంచిలో వేసుకుంది. బస్సులో వెనక్కి తిరగలేదు. గుంటూరు బస్టాండులో దిగాక, ఎప్పుడూ వెళ్ళొస్తానన్నా అనే మనిషి, "అంకమ్మరావు గారూ," అంది. "ఇవాళ మీరు జరిగింది చెప్పారు. మాఫీ అడగలేదు."

నిజమే. అడగలేదు. అడగాలని తట్టలేదంటే నమ్ముతారో లేదో. నాకు అడిగే హక్కు లేదనుకున్నాను. ఆమె ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పదకొండు రోజులు కాలుకాలిన పిల్లిలా తిరిగాను. చొక్కా తొడుక్కోవడం, వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. పన్నెండో రోజు వెళ్ళాను. ఇంటి నిండా చుట్టాలు, ప్రయాణం పెట్టెలు. అమ్మాయికి విషయం తెలిసినట్టుంది, నా ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది. నసీమున్నీసా వచ్చి కుర్చీ చూపించింది. కుర్చీని తిప్పుకుని, బీరువాకు ఎదురుగా కూర్చున్నాను. పైన గుడ్డసంచి ఉంది. ఒకప్పటి బరువు లేదు, చదునుగా పడి ఉంది.

"అడగడానికి వచ్చానమ్మా," అన్నాను. "బాషాని నా గర్వం చంపింది. ఆదాం బతుకును నా నోరు పాడుచేసింది. నీ అన్నం తింటూ నీ దగ్గర నిజం దాచి కూర్చున్నాను. మాఫీ అడుగుతున్నాను."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. లోపల ఎవరో పెట్టెకు తాడు కడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఆదాం దగ్గరికి మీరే వెళ్ళి అడగాలి. అది నేనిచ్చేది కాదు," అంది. "నాకు చేసింది ఉందే, అది మాఫ్ చేశాను. మనస్ఫూర్తిగానే చేశాను."

నేను లేచి దణ్ణం పెట్టాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ ఆమె గొంతు వినిపించింది.

"ఆయన వంతు మాత్రం నా చేతిలో లేదన్నా."

మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, ఎండలో ఇంటికి నడిచాను.